నకలు కారులో అసలు చూడవలసినది

2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఒక చిన్న కారు వేలానికి వచ్చింది. ఇద్దరు మాత్రమే కూర్చోగలిగిన, పైకప్పు లేని నీలిరంగు కారు అది. రంగు వెలిసిపోయింది, లోపలి తోలు ఏళ్ల వాడకానికి అరిగి నలిగి ఉంది. దానిని కొత్తగా కనిపించేలా చేయడానికి ఎవరూ ప్రయత్నించలేదు. అయినా దానిని దక్కించుకొన్న వ్యక్తి చెల్లించిన మొత్తం 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు. అమెరికన్ కారుకు అంతకుముందెన్నడూ వేలంలో అంత ధర పలకలేదు. ఆ కారు మొట్టమొదటి షెల్బీ కోబ్రా.

అదే ఆకారం, అదే గుండ్రని ముక్కు, ఉబ్బిన చక్రాల కప్పులు, గుండెలదరగొట్టే అదే ఇంజను మోత - ఇవన్నీ ఉన్న కారు కొన్ని పదుల వేల డాలర్లకే దొరుకుతుంది. మెరుగులో, నిగనిగలో అది అసలు కారునే మించిపోవచ్చు. అయితే అది కోబ్రా కాదు, కోబ్రాకు ప్రతిరూపం. ఎవరో ఒకరు కొన్నేళ్ల క్రితం తమ గ్యారేజిలో కూర్చి, కొంతకాలం నడిపి, ఇప్పుడు అమ్మజూపుతున్న కారు. దానిని చూచిన మనిషి మనసు పారేసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. కాని కొనవలసిన వస్తువేదో తెలుసుకోవడానికి మాత్రం ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూట ఓపిక లేనివారు ధనాన్నే కాదు, ఒక్కొక్కసారి ప్రాణాన్నీ పణంగా పెట్టవలసి వస్తుంది.

కోడిపిల్లల పెంపకందారు కల

కోబ్రా పుట్టుక ఒక విచిత్రమైన కలయిక. కరోల్ షెల్బీ టెక్సస్ రాష్ట్రానికి చెందినవాడు. ఒకప్పుడు కోళ్లు పెంచి నష్టపోయాడు. తరువాత పందెపు కార్లు నడిపి, 1959లో రాయ్ సాల్వడోరీతో కలసి ఆస్టన్ మార్టిన్ కారులో ఫ్రాన్సు దేశపు లె మాన్ 24 గంటల పందెం గెలిచాడు. గుండెజబ్బు కారణంగా 1960లో పందేలు మానుకొన్నాడు. నడపడానికి వీలులేని మనిషి తయారుచేయడానికి పూనుకొన్నాడు.

ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో ఏ.సి. కార్స్ అనే చిన్న కంపెనీ ‘ఏస్’ అనే తేలికపాటి కారు చేస్తుండేది. దానికి ఇంజను అందించే బ్రిస్టల్ కంపెనీ 1961లో ఆ ఇంజను తయారీని విరమించింది. ఈ సంగతి తెలిసిన షెల్బీ, ఏ.సి. వారి శరీరంలో ఫోర్డు వారి కొత్త వి-8 ఇంజను అమర్చుదామని ఇరుపక్షాలకూ ప్రతిపాదించాడు. 1962 ఫిబ్రవరిలో ఇంజను లేని మొదటి కారు విమానంలో లాస్ ఏంజలిస్ చేరింది. కొద్ది గంటల్లోనే అందులో ఇంజను బిగించి నడిపారు. కోబ్రా అనే పేరు తనకు కలలో కనిపించిందని షెల్బీ చెప్పుకొనేవాడు. చేతిలో ఉన్నది ఒకే ఒక్క కారు కనుక, పత్రికలవారు పరీక్షకు తీసుకొన్నప్పుడల్లా దానికి కొత్త రంగు వేయించి, కార్లు వరుసగా తయారవుతున్నాయనే భ్రమ కలిగించాడు. నేడు నకళ్లకు నిలయమైన ఈ కారు కథ, ఒక చిన్న మాయతోనే మొదలైందన్న మాట!

మొదటి కార్లలోని ఇంజను 260 ఘనపుటంగుళాలు. తరువాత అది 289కి పెరిగింది. 1965లో చట్రాన్ని మరింత లావుపాటి గొట్టాలతో మార్చి, ఏడు లీటర్ల 427 ఇంజను అమర్చారు. ఆ సంవత్సరమే షెల్బీ బృందం గ్రాండ్ టూరింగ్ కార్ల అంతర్జాతీయ తయారీదారుల పోటీలో ఫెరారీని ఓడించింది. ఆ ఘనత సాధించిన మొదటి అమెరికన్ సంస్థ అదే. కాని అమ్మకాల్లో లాభం లేదు. 1967తో తయారీ ఆగిపోయింది. అన్ని రకాలూ కలిపితే కోబ్రాలు దాదాపు వెయ్యి.

వెయ్యి కార్లు, కోరుకొనేవారు లక్షలమంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ప్రతిరూపాల పరిశ్రమకు ఊపిరి పోసింది. కోబ్రా నిర్మాణం సరళమైనది. నిచ్చెన వంటి గొట్టాల చట్రం, దానిపై పలుచని శరీరం, ఎక్కడైనా దొరికే ఫోర్డు ఇంజను - ఇంతే. కనుక ప్రపంచంలో ఈ కారుకు వచ్చినన్ని నకళ్లు మరే పందెపు కారుకూ వచ్చి ఉండవు.

రెండు చేతుల సృష్టి

ప్రతిరూపాలన్నీ ఒక్క తరగతివి కావు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్యాక్టరీ ఫైవ్ సంస్థ 1995 నుంచి విడిభాగాల పెట్టెలు అమ్ముతున్నది. కొన్నవాడు పాత ఫోర్డు మస్టాంగు కారు ఒకటి సంపాదించి, దాని ఇంజను, ఇరుసు, బ్రేకులు ఊడదీసి కొత్త చట్రానికి బిగించుకొనేవాడు. ఇంగ్లండులో ఈ దాత కారు పాత్రను పలుమార్లు జాగ్వార్ పోషించింది. దక్షిణాఫ్రికాలో తయారయ్యే సూపర్‌ఫార్మెన్స్ కార్లు ఇందుకు భిన్నం. రంగు, తోలు, తీగలు సహా సమస్తం పూర్తయి, ఇంజను, గేరుబాక్సు మాత్రం లేకుండా అమెరికా చేరతాయి. వాటిని అక్కడ అమరుస్తారు. యూటా రాష్ట్రపు కర్కమ్ సంస్థ అల్యూమినియం శరీరాలను, ఒకప్పుడు మిగ్ యుద్ధవిమానాలు చేసిన పోలండు కర్మాగారంలో తయారుచేయించింది. ఇవిగాక షెల్బీ సంస్థ స్వయంగా తన పాత వరుస సంఖ్యలను పొడిగిస్తూ చేసిన కార్లు వేరే ఉన్నాయి.

ఇంజను లేకుండా పంపడంలో ఒక చట్టపరమైన కారణం ఉంది. పూర్తి అయిన కారు అమ్మితే ఢీకొనే పరీక్షలు మొదలైన ప్రభుత్వ నిబంధనలన్నీ వర్తిస్తాయి. భాగాలుగా అమ్మితే వర్తించవు. ఈ చిక్కును సడలిస్తూ అమెరికా కాంగ్రెసు 2015లో చట్టం చేసింది. చిన్న సంస్థలు ఏడాదికి 325 వరకు పూర్తి ప్రతిరూపాలను అమ్ముకోవచ్చునన్నది దాని సారాంశం. దాని అమలుకు కావలసిన నిబంధనలు వెలువడడానికి మరి కొన్నేళ్లు పట్టింది. కనుక నేడు చేతులు మారుతున్న పాత ప్రతిరూపాలలో అత్యధికం ఇద్దరు చేసినవి: భాగాలు చేసిన కంపెనీ ఒకటి, వాటిని కూర్చిన మనిషి మరొకడు.

పాత ప్రతిరూపం కొనేవారు గుర్తుంచుకోవలసిన అసలు సంగతి ఇదే. మామూలు పాత కారు కొన్నప్పుడు తయారీదారు పేరే సగం హామీ. ఆ కంపెనీ చేసిన వేల కార్లలో అది ఒకటి. దాని గుణదోషాలు ఊరిలోని ప్రతి మెకానిక్కుకూ తెలుసు. ప్రతిరూపంలో అట్లా కాదు. ఒకే కంపెనీ, ఒకే నెలలో పంపిన రెండు పెట్టెల నుంచి రెండు భిన్నమైన కార్లు పుడతాయి. ఒకటి ప్రతి బోల్టునూ కొలతతో బిగించిన ఇంజనీరు చేతిది కావచ్చు. రెండవది ఉత్సాహం మొదటి వేసవితోనే చల్లారి, ఎట్లాగో ముగించి వదిలించుకొన్న వానిది కావచ్చు. పైకి రెండూ ఒకటే ఎరుపు, ఒకటే మెరుపు. కొనేవాడు నిజానికి కొంటున్నది కారు ఆకారాన్ని కాదు. ముఖమైనా ఎరుగని ఒక మనిషి పనితనాన్ని.

ముందు కాగితాలు, తరువాత కారు

అందువల్ల అనుభవజ్ఞులు బానెట్టు ఎత్తకముందే కాగితాల కట్ట అడుగుతారు. విడిభాగాల కంపెనీ ఇచ్చిన మూలపత్రం, ఇంజను రశీదులు, కొలతల కాగితాలు, కూర్చుతున్నప్పుడు తీసిన ఫోటోలు - ఇవి ఉన్న కారు వెల వేరు, లేని కారు వెల వేరు. శరీరం బిగించక ముందు ఒట్టి చట్రం మీద సీటు వేసుకొని కారును కొంతదూరం నడిపి చూసే ఆచారం ఇంట కూర్చేవారిలో ఉంది. ఆ దశలో తీసిన ఫోటోలు దొరికితే బంగారమే. తరువాత ఎన్నటికీ కంటికి కనిపించని వెల్డింగులు, గొట్టాలు, తీగల వరుస అందులో కనిపిస్తాయి. తన పనిని దాచుకోవలసిన అవసరం లేనివాడే దానికి ఫోటోలు తీసి భద్రపరుస్తాడు.

రిజిస్ట్రేషను పత్రంలో కారును ఏ పేరుతో, ఏ సంవత్సరానిదిగా చూపారో తప్పక చదవాలి. 2004లో కూర్చిన కారును ‘1965 షెల్బీ కోబ్రా’ అని నమోదు చేయించిన సందర్భాలు అమెరికాలో ఉన్నాయి. చూడడానికి అది ముచ్చటగా తోచవచ్చు. కాని అధికారులు ఆరా తీసిన నాడు రిజిస్ట్రేషను రద్దయ్యేది, ఇన్సూరెన్సు చెల్లకపోయేది ప్రస్తుత యజమానికే. కాలిఫోర్నియాలో ఇట్లా స్వయంగా కూర్చిన కార్లకు పొగ నిబంధనల్లో ప్రత్యేక వెసులుబాటు ఏటా 500 కార్లకు మాత్రమే లభిస్తుంది. ఆ పత్రం ఉన్న కారుకూ లేని కారుకూ విలువలో చాలా వ్యత్యాసం. ఇంగ్లండులో భాగాల వయసు తేలని కారుకు ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అక్కడ పత్రంలో ప్రతిరూపం చేసిన కంపెనీ పేరుకు బదులు దాత కారు పేరే ఇంకా ఉన్నదంటే, కారు చట్టప్రకారం తన రూపాన్ని మార్చుకోలేదన్న మాట. చట్రం మీది సంఖ్య, పత్రంలోని సంఖ్య అక్షరం పొల్లుపోకుండా కలియాలి. కలియకపోతే బేరం అక్కడే ముగించడం మంచిది.

రంగు కింద ఏముంది?

పత్రాలు సరిపోతే కారును ఎత్తించి కింద చూడాలి. చట్రపు గొట్టాలు కలిసే చోట వెల్డింగు నాణెపు అంచులాగ ఒకే తీరున సాగి ఉండాలి. ముద్దలు కట్టి, మధ్యలో ఖాళీలు ఉన్నదంటే ప్రమాదం. గొట్టాల లోపల చేరిన చెమ్మ బయటికి కనిపించకుండా తుప్పు పట్టిస్తుంది. సన్నని సుత్తితో తట్టి చూస్తే బోలు శబ్దంలోని తేడా చెవికి తెలుస్తుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు టేపుతో రెండు వైపులా కొలవాలి. అసలు కోబ్రాలో ఈ దూరం 90 అంగుళాలు. ఎడమకు, కుడికి తేడా వస్తే కారు ఎప్పుడో దెబ్బతిని ఉండాలి, లేదా మొదటినుంచీ వంకరగా కూర్చి ఉండాలి.

శరీరం సాధారణంగా ఫైబర్ గ్లాసు. అది తుప్పు పట్టదు, కాని పగులుతుంది. తలుపు మూలల్లో, కీళ్ల చుట్టూ, చక్రాల కప్పుల మీద నక్షత్రం ఆకారంలో సన్నని గీతలు కనిపిస్తే, లోపలి పొర బిగువు తప్పిందని అర్థం. ఆ గీతల మీద ఎంత ఖరీదైన రంగు పూసినా కొన్నాళ్లకు మళ్లీ తేలుతాయి. పైన పటారం, లోన లొటారం అనే మాట ఈ కార్లకు సరిగ్గా అతుకుతుంది. అమ్మేవాడు అల్యూమినియం శరీరమని చెబితే అయస్కాంతంతో తేలదు. అది రెండింటికీ అంటుకోదు. వేలితో తట్టినప్పటి శబ్దం, కప్పుల లోపలి వైపు కనిపించే పోగుల అల్లిక నిజం చెబుతాయి.

ఇక ఇంజను. ‘427’ అనే అంకె కారు పక్కన మెరుస్తున్నంత మాత్రాన లోపల 1965 నాటి ఇంజను ఉన్నదని కాదు. ఫోర్డు వారి 351 ఇంజనును లోపలి భాగాలు మార్చి 427 ఘనపుటంగుళాలకు పెంచడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అందులో తప్పేమీ లేదు; అది తేలికైనది, చవకైనది, భాగాలు సులభంగా దొరికేది కూడా. అసలు కోబ్రాలలోనే కొన్నింటికి 427కు బదులు చవకైన 428 ఇంజను అమర్చి పంపారు. తప్పు ఇంజనులో లేదు, 351ని చూపి 427 ధర అడగడంలో ఉంది. ఇంజను పోత మీద ఉన్న అంకెలు చదివితే ఈ సంగతి తేలిపోతుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి తిప్పించాలి. కొనేవారు రాకముందే అమ్మేవాడు ఇంజనును వేడి చేసి ఉంచాడంటే, చల్లని ఇంజను చెప్పే రహస్యం ఏదో ఉండి ఉంటుంది.

తక్కువ తిరిగిన కారు మంచిదేనా?

‘పదేళ్లలో రెండు వేల మైళ్లే తిరిగింది’ అనే మాట ప్రతిరూపాల ప్రకటనల్లో తరచు కనిపిస్తుంది. ఇది గొప్పగా వినిపించే హెచ్చరిక. నిలిచిన నీరు పాచిపట్టినట్లే నిలిచిన కారు కూడా పాడవుతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దానిని రెండేళ్లకొకసారి మార్చాలి. పెట్రోలులో కలిపిన ఎథనాలు పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరును చెరుస్తుంది. టైరు గాడులు కొత్తగానే కనిపిస్తాయి. రబ్బరు మాత్రం రాయిగా మారి ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ‘2312’ అని ఉంటే అది 2012లో 23వ వారపు టైరు. అటువంటి టైర్ల మీద 400కు మించిన అశ్వశక్తిని వదలడం ఆత్మహత్యా సదృశం.

ఇట్లా కూర్చిన కార్లలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది తీగల పని. యంత్రాలు తెలిసినవారందరికీ విద్యుత్తు తెలియదు. డాష్‌బోర్డు వెనుకకు దీపం పెట్టి చూస్తే, రంగుల వారీగా కట్టి, ఫ్యూజులకు పేర్లు రాసి పెట్టిన వరుస కనిపించాలి. టేపు చుట్టిన అతుకులు, పిచ్చుక గూడు వంటి చిక్కు కనిపిస్తే ఆ కారు ఏదో ఒక రాత్రి దారిలో ఆగిపోతుంది, లేదా మంటలు రేపుతుంది. పెట్రోలు గొట్టాలు పొగ గొట్టాలకు ఎంత దూరాన ఉన్నాయో కూడా అప్పుడే చూడాలి.

చివరకు నడిపి చూడడం. ఈ కార్లలో గాలిసంచులు ఉండవు. చక్రాలు జారకుండా ఆపే పరికరాలు చాలావాటిలో ఉండవు. బరువు సుమారు టన్ను, శక్తి లారీది. నేరుగా పోతున్నప్పుడు చేతులు సడలిస్తే కారు పక్కకు లాగరాదు. గతుకు మీద స్టీరింగు తనంతట తాను తిరగరాదు. బ్రేకు నొక్కితే నాలుగు చక్రాలూ సమంగా పట్టాలి. అరగంట నడిపిన తరువాత, వాహనాల రద్దీలో ఆగి ఉన్నప్పుడు వేడిమి ముల్లు ఎక్కడ నిలుస్తుందో గమనించాలి. ఇరుకైన ముక్కులో పెద్ద ఇంజను ఇరికించిన ఈ కార్లకు వేడెక్కడం పుట్టుకతో వచ్చిన జబ్బు. దిగేటప్పుడు మరొక జాగ్రత్త: తలుపు కిందుగా పోయే పొగ గొట్టం కాలి పిక్కను కాలుస్తుంది. ఆ మచ్చను కోబ్రా యజమానులు ‘పాము కాటు’ అని ముద్దుగా పిలుచుకొంటారు.

బీటిలు మీద పోర్షే

ఇవే సూత్రాలు ఇతర ప్రతిరూపాలకూ వర్తిస్తాయి. చూడవలసిన చోటు మాత్రం మారుతుంది. 1954లో వచ్చిన పోర్షే 356 స్పీడ్‌స్టర్ అమెరికాలో మూడు వేల డాలర్ల లోపు ధరకు అమ్మడానికి ఉద్దేశించిన కారు. నేడు అసలుది సామాన్యులకు అందదు. దాని నకళ్లను చాలావరకు ఫోక్స్‌వ్యాగన్ బీటిలు చట్రం మీద కట్టారు. మొదటి పోర్షేలే ఫోక్స్‌వ్యాగన్ భాగాలతో పుట్టినవి కనుక ఇందులో ఒక బంధుత్వం ఉంది. అయితే బీటిలు చక్రాల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, 356ది 2,100. అందుచేత చట్రాన్ని మధ్యలో కోసి, 30 సెంటీమీటర్లు తీసివేసి, మళ్లీ వెల్డింగు చేస్తారు. ఆ ఒక్క అతుకే కారుకు వెన్నెముక. సీట్ల కింద తివాచీ ఎత్తి దానిని చూడకుండా స్పీడ్‌స్టర్ నకలు కొనరాదు.

నకలుకూ నీతి ఉంది

నకలు చేయడం న్యాయమా అన్న ప్రశ్న న్యాయస్థానాలకూ వెళ్లింది. 1984లో మొదలైన ‘మయామీ వైస్’ టెలివిజన్ ధారావాహికలో నాయకుడు నడిపిన నల్లని ఫెరారీ నిజానికి షెవర్లే కార్వెట్ మీద తొడిగిన ఫైబర్ గ్లాసు శరీరం. ఫెరారీ కంపెనీ నకళ్ల తయారీదారుల మీద దావాలు వేసింది. ధారావాహికకు అసలైన తెల్లని టెస్టరోసా కార్లను సమకూర్చింది. మరొక తయారీదారుపై వేసిన దావాలో అమెరికా అప్పీలు కోర్టు 1991లో, కొన్నవానికి అది నకలని తెలిసినా దారిన పోయేవారు అసలని భ్రమపడతారు కనుక ఆ ఆకారాన్ని కాపీ చేయరాదని తీర్పు చెప్పింది. షెల్బీ కూడా నకళ్ల తయారీదారుల మీద వ్యాజ్యాలు నడిపాడు. కాని తరువాత కొందరికి తన పేరు వాడుకొనే లైసెన్సు లభించింది. కొనేవాడు ఈ తేడాను గమనించాలి. లైసెన్సు ఉన్న కారుకు ఆ చిహ్నాలు హక్కు. లేనిదానికి అవి వెనుకటి యజమాని అంగడిలో కొని అంటించిన ఆభరణాలు.

మన దేశంలో ఈ మోజు ఉన్నవారికి దారి మరింత ఇరుకు. మూడేళ్లు దాటిన వాడిన కారును విదేశం నుంచి దిగుమతి చేసుకోవడానికి సాధారణ నిబంధనలు అంగీకరించవు. స్టీరింగు కుడివైపున ఉండాలి. ఇక్కడి కారునే కోసి కొత్త రూపం ఇద్దామంటే, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. మహారాష్ట్రలోని అలీబాగ్ ప్రాంతంలో చింకారా మోటార్స్ అనే చిన్న సంస్థ ఇంగ్లండు వారి లోటస్ సెవెన్ తరహాలో రోడ్‌స్టర్ తయారుచేసింది. అంబాసిడర్ కార్లలో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజనే దానికీ ప్రాణం. అటువంటిది అమ్మకానికి వస్తే అడగవలసిన మొదటి ప్రశ్న వేగం గురించి కాదు: అది ఏ పేరుతో రిజిస్టరు అయింది, ఆ పత్రం తన పేరుకు బదిలీ అవుతుందా అన్నది.

ఇంత శోధన తరువాత కూడా మనిషి ఈ కార్లను ఎందుకు కొనాలి? మాంటెరేలో అమ్ముడైన ఆ మొదటి కోబ్రాను ఆదివారం ఉదయం పాల సీసా కోసం అంగడికి తీసుకొనిపోయేవారు ఉండరు. దాని మీద పడే ప్రతి గీతా లక్షల డాలర్ల నష్టం. నకలు యజమానికి ఆ బెంగ లేదు. వాన వస్తే తడుస్తాడు, గీత పడితే రంగు పూస్తాడు, భాగం అరిగితే దుకాణంలో కొని తెచ్చుకొంటాడు. 1962లో కోబ్రాను ఏ పనికోసం పుట్టించారో ఆ పనిని - అంటే రోడ్డు మీద పరుగెత్తడాన్ని - నేడు ఎక్కువగా చేస్తున్నవి నకళ్లే.

ఆ సుఖానికి చెల్లించవలసిన వెల నిజాయితీ. కొనేటప్పుడు అడిగిన కాగితాలన్నీ, తరువాత మార్చిన ప్రతి భాగపు రశీదుతో కలిపి అదే కట్టలో భద్రపరచాలి. ఏదో ఒక రోజున మరొకరు ఆ కారు చుట్టూ తిరిగి, మురిసి, ‘ఇది అసలుదేనా?’ అని అడుగుతారు. ‘కాదు, ఇది ఎవరు చేశారో, ఎట్లా చేశారో ఇందులో ఉంది’ అని ఆ కట్ట చేతికివ్వగలిగిన యజమాని కారుకు ఎప్పుడూ కొనుగోలుదారు దొరుకుతాడు.